కొత్త ఎన్‌క్రిప్షన్ స్టాండర్డ్ వచ్చేదాకా ఆగాలా? ఏఈఎస్ ఎంపిక రోజుల్లో ఎలా ఉండేది?

మీరు అడిగింది రెండు ముక్కల్లో చెప్తాను, తప్పైతే సరిచేయండి. ఒకటి, 1997 నుంచి 2000 దాకా ఏఈఎస్ (ఇప్పుడు అందరూ వాడే ఎన్‌క్రిప్షన్ స్టాండర్డ్) ఎంపిక కోసం అందరూ అంతగా ఎందుకు ఎదురుచూశారు, అప్పుడు ఫీల్డులో ఉన్నవాళ్ళు ఆ గ్యాప్‌లో ఏం చేశారు. రెండు, ఇప్పుడు మీ టీమ్‌లో పోస్ట్ క్వాంటమ్ (క్వాంటమ్ కంప్యూటర్‌కి కూడా విరగని ఎన్‌క్రిప్షన్) విషయంలో "ఇంకా ఏదో స్టాండర్డ్ వస్తుందట, అది తేలాక మొదలుపెడదాం" అంటున్నారు, అది కరెక్టేనా.

డైరెక్టుగా చెప్పేస్తా. ఆగొద్దు. అల్గారిథమ్ పేరు తేలడానికి ఆగొచ్చేమో గానీ, పని మొదలుపెట్టడానికి ఆగాల్సిన అవసరం అప్పుడూ లేదు, ఇప్పుడు అసలే లేదు. ఎందుకంటే మార్పులో కష్టమైన భాగం అల్గారిథమ్ కాదు, దాని చుట్టూ మనం కట్టుకున్న సైజులు, ఫార్మాట్లు, డేటాబేస్ కాలమ్‌లు, అవతలి పార్టీతో ఒప్పుకున్న మెసేజ్ లేఅవుట్లు. ఎవరు గెలిచినా మార్చాల్సింది వీటినే.

నేను పేమెంట్స్ సైడు వాడిని. ఏటీఎం స్విచ్ (లావాదేవీలని దారి చూపే సర్వర్), షాపుల్లో కార్డు గీకే పీఓఎస్ టెర్మినల్, కీలని భద్రంగా దాచే హెచ్‌ఎస్‌ఎం పెట్టె, వీటి మధ్య పిన్ నంబరు ఎలా వెళ్తుంది అనేదే చాలా ఏళ్ళు నా పని. హైదరాబాద్‌లో కూర్చుని బయటి దేశాల బ్యాంకులకి కూడా కోడ్ రాసేవాళ్ళం. కాబట్టి నేను చెప్పేదంతా ఆ కిటికీలోంచి చూసిందే, యూనివర్సిటీలో క్రిప్టో చదివినవాళ్ళు వేరేలా చెప్పొచ్చు.

ముందు ఆ ఎదురుచూపు సంగతి. అప్పట్లో ప్రపంచం మొత్తం డెస్ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి మీద నడిచేది. 1977లో అమెరికా ప్రభుత్వ స్టాండర్డ్ అయింది, ఐబీఎం డిజైను, 56 బిట్ల కీ. అది చిన్నదని మొదటి రోజు నుంచీ గొణుగుతూనే ఉన్నారు, కానీ వాడకం ఆగలేదు. 1997 జనవరిలో నిస్ట్ (అమెరికా ప్రభుత్వ స్టాండర్డుల సంస్థ) "కొత్త స్టాండర్డ్ కోసం పోటీ పెడుతున్నాం" అని ప్రకటించింది. అదే ఏడాది జూన్‌లో ఇంటర్నెట్‌లో వేల కంప్యూటర్లని కలిపి ఒక డెస్ కీని వెతికి పట్టుకున్నారు, నెలలు పట్టింది. 1998 జులైలో ఈఎఫ్ఎఫ్ అనే డిజిటల్ హక్కుల సంస్థ వాళ్ళు రెండున్నర లక్షల డాలర్ల లోపు ఖర్చుతో ఒక మెషీన్ కట్టి 56 గంటల్లో కొట్టారు. 1999 జనవరికి అదే మెషీనూ ఇంటర్నెట్ కంప్యూటర్లూ కలిసి 22 గంటల 15 నిమిషాల్లో. అంటే పోటీ నడుస్తుండగానే పాతది కళ్ళముందే కూలిపోతోంది. నెలల నుంచి రోజుకి దిగిపోయిన ఆ వేగం చూశాక మేనేజర్లకి కూడా భయం పట్టుకుంది, అంతకుముందు కీ సైజు అంటే "అది టెక్నికల్ వాళ్ళ గొడవ" అనేవాళ్ళు.

సరే మరి ట్రిపుల్ డెస్ ఉంది కదా అంటారు. ఉంది, వాడాం, దశాబ్దాలు వాడాం. కానీ మూడు సార్లు తిప్పాలి కాబట్టి స్లో, పైగా బ్లాక్ (ఒక్కసారికి ఎన్‌క్రిప్ట్ చేసే ముక్క) 64 బిట్లే. చిన్న బ్లాక్ వల్ల ఒకే కీ కింద ఎక్కువ డేటా పంపితే రిపీట్లు పడతాయి, ఇది అప్పట్లో కాగితం మీద మాట, 2016లో స్వీట్32 అనే దాడితో నిజంగానే చేసి చూపించారు. అందుకే నిస్ట్ కొత్తదానికి మొదటి షరతే 128 బిట్ల బ్లాక్, 128, 192, 256 బిట్ల కీలు, రాయల్టీ లేకుండా ఎవరైనా వాడుకునేలా ఉండాలి అని పెట్టింది.

ఇంకో కారణం నమ్మకం. ఇది ఇప్పటి పిల్లలకి చెప్తే అర్థం కాదు, అప్పట్లో అమెరికా ప్రభుత్వం క్రిప్టో ఇస్తానంటే జనం అనుమానంగా చూసేవాళ్ళు. డెస్‌లోని ఎస్-బాక్సుల్లో (బిట్లని మార్చే పట్టికల్లో) అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ వేలు పెట్టిందని, ఏదో దొడ్డిదారి దాచిందని ఇరవై ఏళ్ళు అనుకున్నారు. తీరా చూస్తే ఆ మార్పులు దాన్ని డిఫరెన్షియల్ దాడికి (ఇన్‌పుట్ల మధ్య తేడాలని బట్టి కీ పట్టుకునే పద్ధతికి) గట్టిగా నిలబెట్టాయి, ఆ దాడి సంగతి ఐబీఎం వాళ్ళకి డెబ్బైల్లోనే తెలుసని ఆ టీమ్‌లోని కాపర్‌స్మిత్ 1994లో చెప్పాడు. కానీ ఈలోపు 1993లో క్లిప్పర్ చిప్ అని ఒకటి తెచ్చారు, లోపలి అల్గారిథమ్ రహస్యం, కీ కాపీ ప్రభుత్వం దగ్గర. జనం తిట్టిపోశారు. అందులోని స్కిప్‌జాక్ అల్గారిథమ్‌ని 1998లో బయటపెడితే 32 రౌండ్లలో (డేటాని మళ్ళీ మళ్ళీ కలిపే విడతల్లో) 31 రౌండ్ల దాకా దాడి చేయొచ్చని కొద్ది నెలల్లోనే చూపించారు. మన వైపు ఇంకో గోల, అమెరికా ఎగుమతి రూల్స్ వల్ల మనకి వచ్చే బ్రౌజర్లలో 40 బిట్ల ఎన్‌క్రిప్షనే ఉండేది, మన ఐఎస్‌పీ లైసెన్సుల్లో కూడా 40 బిట్లు దాటితే పర్మిషన్ అనే షరతు. ఈ వాతావరణంలో "అందరూ రండి, ఏ దేశం వాళ్ళైనా పర్లేదు, అన్నీ బహిరంగంగా" అని నిస్ట్ అంటే సగం మంది నమ్మలేదు. అమెరికా సంస్థ అమెరికా వాళ్ళదే తీసుకుంటుంది, ఇదంతా నాటకం అనే మాట నేను చాలా మంది దగ్గర విన్నాను.

1998 ఆగస్టులో 15 క్యాండిడేట్లని ప్రకటించారు. ఇక చూడండి, పెళ్ళి సంబంధం కుదిరేముందు అవతలి వాళ్ళ ఏడు తరాలు ఆరా తీసినట్టు ఒకళ్ళ డిజైన్‌ని ఇంకొకళ్ళు తవ్వడం మొదలైంది. జర్మన్ టెలికాం కంపెనీ వాళ్ళ మజెంటాని కాన్ఫరెన్స్‌లో ప్రెజెంట్ చేస్తుండగానే కింద కూర్చున్నవాళ్ళు దాడి కనిపెట్టేశారు. ఏఈఎస్ కథలో నాకు ఇష్టమైన సంగతి ఇదే. పోటీదారులే పరీక్షకులు. ఎన్ని జీతాలు ఇచ్చినా అంత కసిగా వెతికేవాళ్ళు దొరకరు.

1999 ఆగస్టులో ఐదు మిగిలాయి: మార్స్, ఆర్‌సీ6, రైన్‌డాల్, సెర్పెంట్, టూఫిష్. మార్స్ ఐబీఎంది, డెస్ చేసిన కాపర్‌స్మిత్ అందులోనూ ఉన్నాడు. ఆర్‌సీ6 రివెస్ట్ బృందానిది. సెర్పెంట్ ఆండర్సన్, బిహామ్, నూడ్సెన్‌లది. టూఫిష్ ష్నయర్ వాళ్ళది. రైన్‌డాల్ మాత్రం ఇద్దరు బెల్జియం కుర్రాళ్ళది, యోవాన్ డామన్, విన్సెంట్ రైమెన్. పెద్ద పేర్ల మధ్య వాళ్ళ పేర్లు మా ఆఫీసులో ఎవరికీ తెలీదు.

నేను మొదటి నుంచీ రైన్‌డాల్ పక్షమే, కానీ గొప్ప గణితం అర్థమై కాదు. మా సమస్య స్మార్ట్ కార్డు. అప్పటి కార్డులో 8 బిట్ ప్రాసెసరు, ర్యామ్ అంటే కొన్ని వందల బైట్లు, అందులోనే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తన వాటా అడుగుతుంది. ఆర్‌సీ6, మార్స్ రెండూ 32 బిట్ల గుణకారాల మీద, డేటాని బట్టి మారే రొటేషన్ల మీద ఆధారపడ్డాయి, పెంటియమ్ మీద పరుగెత్తుతాయి, కార్డు మీద పాకుతాయి. రైన్‌డాల్ బైట్ల లెక్కన పనిచేస్తుంది, రౌండ్ కీలు అన్నీ ముందే లెక్కగట్టి దాచుకోనక్కర్లేదు, అప్పటికప్పుడు చేసుకోవచ్చు. అంత చిన్న చిప్పులోంచి పెద్ద సర్వర్ దాకా ఎక్కడా మరీ చెత్తగా ఉండదు.

ఎదురు వాదన కూడా గట్టిదే, అది చెప్పకపోతే అన్యాయం. రైన్‌డాల్‌కి 128 బిట్ల కీతో 10 రౌండ్లే. అప్పటికే 7 రౌండ్ల దాకా సైద్ధాంతిక దాడులు ఉన్నాయి. సెర్పెంట్‌కి 32 రౌండ్లు, అప్పటి దాడులు 9 రౌండ్ల దగ్గరే ఆగిపోయాయి. "మార్జిన్ ముఖ్యమా స్పీడ్ ముఖ్యమా" అని కొట్టుకున్నారు. నన్నడిగితే ఫైలు ఎన్‌క్రిప్ట్ చేసి యాభై ఏళ్ళు దాచేవాడికి సెర్పెంట్ నచ్చడంలో తప్పులేదు, కోట్ల కార్డుల్లోకి పోవాల్సినదానికి మాత్రం కాదు. 2000 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో జరిగిన మూడో కాన్ఫరెన్స్ చివర వచ్చినవాళ్ళ అభిప్రాయం అడిగితే రైన్‌డాల్‌కి 86 మంది అనుకూలం, సెర్పెంట్‌కి 59, టూఫిష్‌కి 31, ఆర్‌సీ6కి 23, మార్స్‌కి 13. మార్స్‌కి వ్యతిరేకంగా అయితే 84 మంది. అది ఓటింగ్ కాదు, నిస్ట్ దానికి కట్టుబడాలని లేదు, అయినా గాలి ఎటు వీస్తోందో తెలిసింది.

ఇంకో చర్చ కూడా నడిచింది, ఒకటే ఎందుకు, రెండు పెట్టుకుందాం, ఒకటి విరిగితే ఇంకోటి ఉంటుంది అని. నిస్ట్ ఒప్పుకోలేదు, ఒకటే అంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

2000 అక్టోబర్ 2న రైన్‌డాల్ అని ప్రకటించారు. మనకి గాంధీ జయంతి సెలవు, పైగా టైమ్ తేడా, మర్నాడు ఆఫీసుకి వెళ్తే అందరి నోటా అదే. విదేశీ డిజైన్ గెలిచింది, నాటకం అన్నవాళ్ళు నోరు మూసుకున్నారు. అదే నెల 17న మన ఐటీ చట్టం అమల్లోకి వచ్చింది, మా లీగల్ వాళ్ళు దాంతో బిజీ, మేము దీంతో బిజీ.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. చాలామంది కథని ఇక్కడితో ఆపేస్తారు, గెలిచాడు శుభం అని. ప్రకటన రోజున ఫీల్డులో ఒక్క బైటు కూడా మారలేదు. ఫిప్స్ 197 అనే అధికారిక స్టాండర్డ్ 2001 నవంబర్ 26న వచ్చింది. వెబ్ ట్రాఫిక్‌ని కాపాడే టీఎల్‌ఎస్‌కి ఏఈఎస్ సూట్లు 2002లో. వైఫైలో డబ్ల్యూపీఏ2తో 2004లో. ఇంటెల్ ప్రాసెసర్లలో ఏఈఎస్ కోసం ప్రత్యేకం ఇన్‌స్ట్రక్షన్లు 2010లో. ఇక మా ఏటీఎం లోకం సంగతి అయితే చెప్పుకోకూడదు. పిన్ బ్లాక్ (పిన్‌ని పెట్టి పంపే ముక్క) అనేది 8 బైట్లు, ఎందుకంటే డెస్ బ్లాక్ 8 బైట్లు. ఏఈఎస్ బ్లాక్ 16 బైట్లు. అంటే టెర్మినల్ దగ్గర్నుంచి స్విచ్, నెట్‌వర్కు, కార్డిచ్చిన ఇష్యూయర్ బ్యాంకు దాకా అందరూ ఒకేసారి మారాలి, ఎవరు ముందు కదులుతారు? ఏఈఎస్‌కి సరిపడే పిన్ బ్లాక్ ఫార్మాట్, దానికి తగ్గ డీయూకేపీటీ (ప్రతి లావాదేవీకి కొత్త కీ తీసే) పద్ధతి 2010లు సగం గడిచాక గానీ స్టాండర్డుల్లోకి రాలేదు, ఇప్పటికీ చాలా చోట్ల పిన్ ట్రిపుల్ డెస్ కిందే ప్రయాణం చేస్తోంది. సాధారణ వాడకానికి ట్రిపుల్ డెస్‌ని నిస్ట్ పూర్తిగా పక్కనపెట్టింది 2023 చివరికి. ఎంపికకి నాలుగేళ్ళు కూడా పట్టలేదు, మార్పుకి ఇరవై ఏళ్ళు చాలలేదు.

మా దగ్గరి రెండు కేసులు చెప్తా. 1999 ప్రాంతంలో ఒక కస్టమర్ సింగిల్ డెస్ నుంచి ట్రిపుల్ డెస్‌కి వెళ్ళే ప్రాజెక్టు మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. వాళ్ళ ఐటీ హెడ్ వాదన ఏంటంటే, కొత్త స్టాండర్డ్ ఎలాగూ వస్తోంది, రెండుసార్లు ఖర్చెందుకు, నేరుగా దానికే పోదాం అని. వినడానికి తెలివిగానే ఉంటుంది. జరిగింది ఏంటంటే రైన్‌డాల్ ఎంపికైంది, కానీ వాళ్ళ హెచ్‌ఎస్‌ఎంలకి ఫర్మ్‌వేర్ లేదు, ఏటీఎం కీప్యాడ్‌లకి లేదు, కార్డు నెట్‌వర్కులు ఏఈఎస్ ఊసెత్తకుండా ట్రిపుల్ డెస్ తప్పనిసరి అన్నాయి. ఆ ఆపేసిన ప్రాజెక్టునే మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి డెడ్‌లైన్ నెత్తిమీద పెట్టుకుని, మధ్యలో అన్నేళ్ళూ ఒక్క రోజులో విరిగే కీ మీద పిన్‌లు నడిపి. కీ కస్టోడియన్లు సీల్డ్ కవర్లు పట్టుకుని ఒక్కో ఏటీఎంకి తిరిగి కీ ముక్కలు టైప్ చేయాలి కదా, ఆ తిరుగుడంతా వర్షాకాలంలో పడింది, పాపం.

రెండో కేసులో మా ఆర్కిటెక్ట్ ఒకాయన ఉండేవాడు, మనిషి మొండి. 1998లోనే మెసేజ్ హెడర్‌లో ఒక బైటు అల్గారిథమ్ నంబరు కోసం, రెండు బైట్లు పొడవు కోసం పెట్టించాడు. అప్పుడు ఆ బైటులో ఎప్పుడూ ఒకే విలువ, అందరూ నవ్వారు. ఎన్‌క్రిప్ట్ అయిన విలువల కాలమ్‌లని 16 హెక్స్ క్యారెక్టర్లకి బిగించకుండా వదులుగా పెట్టించాడు. ఏఈఎస్ వచ్చాక 32 క్యారెక్టర్లు కావాల్సి వచ్చినప్పుడు పక్క ప్రాడక్టు వాళ్ళు టేబుళ్ళు, రిపోర్టులు, బ్యాచ్ ఫైళ్ళు అన్నీ తిరగరాసుకున్నారు, మాకు ఒక మాడ్యూల్ జోడించి టెస్టింగ్ చేసుకుంటే సరిపోయింది. ఆయనకి ఎవరు గెలుస్తారో తెలీదు, తెలుసుకోవాలని కూడా పెద్దగా లేదు.

ఇప్పుడు మీ ప్రశ్న. మొదట మీ టీమ్‌కి చెప్పండి, మీరు ఎదురుచూస్తున్న స్టాండర్డ్ వచ్చేసింది. నిస్ట్ 2016లో పోటీకి పిలిచింది, 2017లో 69 డిజైన్లు మొదటి రౌండుకి వెళ్ళాయి, 2022 జులైలో నాలుగు ఎంచారు, 2024 ఆగస్టు 13న ఫిప్స్ 203, 204, 205 ప్రచురించారు. కీ మార్పిడికి ఎంఎల్-కెమ్, అంటే పాత కైబర్. సంతకాలకి ఎంఎల్-డీఎస్ఏ, పాత డైలిథియం. హ్యాష్ ఆధారంగా నడిచే స్ఫింక్స్ ప్లస్ మూడోది. 2025 మార్చిలో హెచ్‌క్యూసీని కూడా ఎంచారు, ఎంఎల్-కెమ్‌కి బ్యాకప్‌గా, వేరే రకం గణితం మీద. ఏఈఎస్ అప్పుడు నిస్ట్ వద్దన్న "రెండోది" ఈసారి కావాలనుకున్నారన్నమాట. కారణం ఉంది: 2022లో రెయిన్‌బో అనే ఫైనలిస్టుని ఒక్కడు లాప్‌టాప్ మీద వారాంతంలో విరగ్గొట్టాడు, ఆ కొన్ని నెలలకే సైక్ అనే ఇంకో పోటీదారు ఒకే ఒక్క ప్రాసెసర్ కోర్ మీద గంటలో పడిపోయింది. ఏఈఎస్ ఫైనల్ ఐదింటిలో ఒక్కటీ అలా విరగలేదు. కాబట్టి ఈ కొత్త గణితం మీద అంత నమ్మకం ఇంకా రాలేదు, అందుకే అందరూ పాతదీ కొత్తదీ కలిపి వాడుతున్నారు, ఎక్స్25519తో (ఇప్పటిదాకా వాడిన కీ మార్పిడితో) పాటు ఎంఎల్-కెమ్-768. రెండిట్లో ఒకటి నిలబడినా చాలు. క్రోమ్‌లో 2024 నుంచి డిఫాల్టుగా ఇదే నడుస్తోంది.

కన్ఫ్యూజన్ రాకుండా ఒక మాట. ఏఈఎస్‌ని మార్చక్కర్లేదు. క్వాంటమ్ కంప్యూటర్ వస్తే పోయేది కీ మార్పిడికీ సంతకాలకీ వాడే పబ్లిక్ కీ పద్ధతులు, అంటే ఆర్‌ఎస్‌ఏ, ఈసీసీ. ఏఈఎస్-256 వాడుతుంటే దిగులే లేదు, 128 కూడా రేపో ఎల్లుండో పడిపోయేది కాదు. మీ డిస్క్ ఎన్‌క్రిప్షన్ "క్వాంటమ్ సేఫ్" చేస్తామని వెండర్ ఎవరైనా కొత్త సిఫర్ అమ్మజూపితే కాఫీ ఇచ్చి పంపించేయండి.

మీరు చూడాల్సింది సైజులు, మళ్ళీ అదే పాట. ఎక్స్25519 పబ్లిక్ కీ 32 బైట్లు, ఎంఎల్-కెమ్-768ది 1184 బైట్లు. ఈసీసీ రకం ఈసీడీఎస్‌ఏ సంతకం 64 బైట్లు ఉంటే ఎంఎల్-డీఎస్ఏలో చిన్నదే 2420 బైట్లు. టీఎల్‌ఎస్ మొదటి మెసేజ్ ఒక ప్యాకెట్‌లో పట్టదు, రెండుగా వెళ్తుంది, దారిలో ఉన్న పాత ఫైర్‌వాల్, లోడ్ బ్యాలెన్సర్ లాంటివి కొన్ని అది అర్థంకాక కనెక్షన్ పడేస్తాయి. ఇది టెస్ట్ చేయడానికి ఏ ప్రకటన కోసమూ ఆగక్కర్లేదు, ఈ వారమే స్టేజింగ్‌లో హైబ్రిడ్ (పైన చెప్పిన పాతదీ కొత్తదీ కలిపే పద్ధతి) ఆన్ చేసి చూడండి, ఏ పెట్టె ఏడుస్తుందో తెలిసిపోతుంది.

తర్వాత ఎక్కడెక్కడ ఆర్‌ఎస్‌ఏ, ఈసీసీ ఉన్నాయో లిస్టు తీయండి. సర్టిఫికెట్లు మాత్రమే కాదు, ఫర్మ్‌వేర్ సంతకాలు, పార్ట్నర్ బ్యాంకుతో ఫైల్ మార్పిడి, ఎవరో ఎనిమిదేళ్ళ కిందట రాసి వెళ్ళిపోయిన జావా లైబ్రరీ, అన్నీ. లిస్టు చేశాక ఏది ముందు అనేది డేటా వయసుని బట్టి చూడండి. ఇవాళ వైరు మీద వెళ్ళేదాన్ని రికార్డు చేసి పెట్టుకుని పదేళ్ళ తర్వాత విప్పుకోవచ్చు, ఓటీపీ అయితే ఎవడికి కావాలి, హెల్త్ రికార్డులూ గుర్తింపు వివరాలూ అయితే కావాలి. కాబట్టి కీ మార్పిడి ముందు, సంతకాలు తర్వాత. ఒక్క మినహాయింపు, పదిహేనేళ్ళు ఫీల్డులో ఉండే డివైసు చేస్తుంటే దాని ఫర్మ్‌వేర్ సంతకం ముందే చూసుకోండి, తర్వాత మార్చడానికి దారి ఉండదు. గడువు సంగతికొస్తే, ఆర్‌ఎస్‌ఏ-2048 లాంటివాటిని 2030 తర్వాత వద్దనీ, 2035 తర్వాత మొత్తం పాత పబ్లిక్ కీ పద్ధతులని ఆపేయాలనీ నిస్ట్ డ్రాఫ్టులో ఉంది. ఏఈఎస్ మార్పు ఎన్నేళ్ళు లాగిందో పైన చెప్పాను కాబట్టి 2035 దూరం అనుకోకండి.

చివరిగా ఒక జాగ్రత్త. ఎంపికైంది కదా అని ఏ లైబ్రరీ దొరికితే అది పెట్టేయకండి, సొంతంగా అయితే అసలు రాయకండి. ఏఈఎస్ ఎంపికప్పుడు టేబుల్ లుకప్‌కి టైమింగ్ దాడి (కోడ్‌కి పట్టే టైమ్ కొలిచి కీ పట్టుకోవడం) భయం లేదని నిస్ట్ రిపోర్టులోనే రాసుకున్నారు, 2005లో బర్న్‌స్టయిన్ అనే క్రిప్టో పరిశోధకుడు క్యాష్ టైమింగ్‌తో ఏఈఎస్ కీ లాగి చూపించాడు. తప్పు అల్గారిథమ్‌ది కాదు, కోడ్ రాసిన తీరుది. కైబర్‌కీ అదే అయింది, 2023 చివర్లో కైబర్‌స్లాష్ అని, రహస్య విలువని 3329తో భాగించే ఒక లైను, కొన్ని ప్రాసెసర్ల మీద ఆ భాగహారానికి పట్టే టైమ్ విలువని బట్టి మారేది. చాలా లైబ్రరీలు సరిచేసుకున్నాయి. మీరు వాడే వెర్షన్ అంతకుముందుదా తర్వాతదా చూసుకోండి.

మీ ప్రాడక్టు సర్వర్ సైడా, డివైసా అనేది ప్రశ్నలో రాయలేదు. డివైసైతే ర్యామ్ ఎంత, బూట్‌లోడర్ సంతకం ఏ రకం అనేది కింద రాయండి, దాన్ని బట్టి ఎంఎల్-డీఎస్ఏనా, హ్యాష్ సంతకమా అనేది చెప్తాను, రెండిటికీ సమాధానం ఒకటే కాదు.